అచ్చయిన పిన్ని

నాన్న ఇంజను ఆపేశాడు. ఆగిన మరుక్షణం నుంచి కారులో ఎవరి ఊపిరి వాళ్ళకి, అందరి ఊపిరీ వెనక సీట్లో కూర్చున్న పిచ్చికకి వినపడడం మొదలైంది. నాన్నది ముక్కులోంచి సన్నటి ఈలలా వస్తుంది, పక్కన కూర్చున్న అమ్మది కాసేపు మామూలుగా ఉండి ఉన్నట్టుండి నిట్టూర్పు అవుతుంది, ముందు సీట్లో నాన్న పక్కన కూర్చున్న పిన్నిది మాత్రం వినపడదు, పిన్ని ఊపిరి తీస్తోందా, బిగబట్టి కూర్చుందా అని ఆమె మెడ వెనక భాగం చూస్తూ ఉండిపోయింది పిచ్చిక. వంతెన మీద ముందెక్కడో ట్యాంకరు అడ్డం తిరిగిందట. రెయిన్‌కోటు తొడుక్కున్న ఒకతను ఎవరూ అడగకుండానే ఆ మాట అందరికీ చెప్పుకుంటూ కార్ల మధ్యలోంచి వెళ్ళిపోయాడు. ముందుకి దారి లేదు, వెనక్కి దారి లేదు. ఎడమ పక్కన ఒక లారీ అద్దానికి అద్దం తగిలేంత దగ్గరగా వచ్చి ఆగింది, అటువైపు రెండు తలుపులూ, పిన్నిదీ పిచ్చికదీ, ఇక తెరుచుకోవు. సన్నగా వాన పడుతోందని అద్దాలు ఎక్కించేశారు. కింద నది ఉండాలి, అది కనపడదు.

"టైముకి అందుకుంటామా" అంది అమ్మ, ఎవరినని కాకుండా.

"మనకోసం ఆగుతార్లే. ఫస్ట్ ప్రైజు వచ్చినమ్మాయి లేకుండా ఏం మొదలెడతారు" అన్నాడు నాన్న. అని, ప్రైజన్న మాట నోరు జారి వచ్చినట్టు గభాల్న వైపర్లు వేసి, మళ్ళీ ఆపేశాడు.

ప్రైజు ఆ కథకి. కథ పిన్నిది. అంటే రాసింది పిచ్చికే, కాలేజీ పోటీకి పంపిందీ పిచ్చికే, కింద అచ్చయింది పిచ్చిక అసలు పేరే, అయినా కథ పిన్నిది. ప్రైజు వచ్చిన కథ అని ఆదివారం పేపర్లో అది పడ్డ రోజు ఇంట్లో అందరికీ మొదటి పేరాలోనే తెలిసిపోయింది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేసే ఆడమనిషి, ఎప్పుడో మొగుడు వదిలేసి పోయాడు, అక్క ఇంట్లో ఉంటుంది, ఊరందరికీ నవ్వులు తయారుచేస్తుంది, తను మాత్రం నవ్వదు. ఇంకెవరవుతారు. ఇప్పుడా మనిషిని కూడా తీసుకురమ్మని కాలేజీలో మేడం, ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది, కథలో ఆవిణ్ణి మేమందరం చూడాలండీ, స్టేజి మీదకి పిలుస్తాం అని. ఫోన్ స్పీకరులో ఉంది. అమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని గిన్నె తుడుస్తూ, వస్తాను అంది. ఎందుకు వస్తానందో పిచ్చికకి ఇప్పటికీ తెలియదు, అడగడానికి నోరు రాలేదు, ఈ మధ్య ఆ ఇంట్లో ఏది అడగాలన్నా ముందు మనసులో ఒకసారి రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకుని, చివరికి ఊరుకోవడం అలవాటైపోయింది.

ఒళ్ళో కాగితం ఉంది. బహుమతి తీసుకున్నాక ఐదు నిమిషాలు మాట్లాడాలి, నా చదువు, నా రాత అని విషయం కూడా మేడమే ఇచ్చింది. నిన్న రాసుకున్నప్పుడు బాగానే ఉన్నట్టనిపించింది. చదవడం నాకొక కిటికీ తెరిచింది, అని మొదటి వాక్యం. ఎవరిని అడిగినా చదవడం కిటికీయే తెరుస్తుంది, ఇంత మందికి ఇన్ని కిటికీలు తెరిచినా లోపల గాలి ఎందుకు ఆడదో, ఇప్పుడీ కారులో నాలుగు వైపులా అద్దాలే, నలుగురి ఊపిరికీ ఆవిరి పట్టి తెల్లబడిపోయాయి, అవతలి లారీ చక్రం కూడా బూడిద రంగు ముద్దలా కనిపిస్తోంది. రెండో వాక్యం, పుస్తకాలు నాకు మనుషుల్ని అర్థం చేసుకోవడం నేర్పాయి. ఆ వాక్యం మీద వేలు పెట్టి కప్పుకుంది పిచ్చిక. ముందు సీట్లో పిన్ని మెడ. జుట్టు పైకెత్తి క్లిప్పు పెట్టుకుంది, మెడ మీద గులాబి రంగు మైనం చుక్క ఒకటి ఎండిపోయి ఉంది, ల్యాబు నుంచి తిన్నగా వచ్చి బట్టలు మార్చుకుని బయల్దేరింది కాబట్టి చూసుకుని ఉండదు. ఇదివరకైతే చెయ్యి చాపి గోటితో గీకేసేది. ఇప్పుడు చూస్తోంది, అంతే, మైనం చుక్క, గులాబి రంగు, ఎడమ చెవి కింద. తను చూస్తున్న సంగతి తనకే తెలిసి కళ్ళు తిప్పుకుంది.

పిచ్చిక అన్నది పిన్ని పెట్టిన పేరు. నేల మీద పడ్డ ప్రతి కాగితం ముక్కనీ గింజ ఏరినట్టు ఏరుకుని చదివేదని. ఇంట్లో పుస్తకాలు ఉండేవి కావు, నాన్న పోస్టాఫీసు నుంచి తెచ్చే క్యాలెండరు తప్ప. డాక్టర్ల దగ్గర్నుంచి ల్యాబుకి వచ్చే నోటి అచ్చులు పగలకుండా పాత వారపత్రికల పేజీల్లో చుట్టి పంపేవాళ్ళు, ఆ పేజీలు పారేయకుండా ముడతలు సాపుచేసి పిన్ని సంచిలో పెట్టుకుని తెచ్చేది. సుద్దపొడి అంటుకున్న పేజీలు. వాటిల్లో కథ ఎప్పుడూ మధ్యలో మొదలయ్యేది, మధ్యలో ఆగిపోయేది. ఒక పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు, లేచి ఏం చేశాడో తర్వాతి పేజీలో ఉంది, తర్వాతి పేజీ ఇంకెవరి పళ్ళకో చుట్టుకుని ఇంకెక్కడికో పోయింది. ఆదివారం మధ్యాహ్నాలు చెరో మంచం మీద పడుకుని, తర్వాతేమైంది పిన్నీ అంటే పిన్ని చెప్పేది. వంద కథలు చెప్పి ఉంటుంది. ల్యాబు కబుర్లు వేరే. ఒక బ్యాంకు మేనేజరు తన పళ్ళు కాస్త పచ్చగా చేయమన్నాడట, మరీ తెల్లగా ఉంటే జనం డబ్బు దాచుకోరట. ఒక ముసలావిడ ముందు పళ్ళ మధ్య సందు సందులాగే ఉంచమందట, మనవళ్ళని ఈల వేసి పిలిచేది ఆ సందులోంచేనట. పిన్ని ఆవిడలా పెదాలు పెట్టి ఈల వేసి చూపించేది, పక్క గదిలోంచి అమ్మ, ఆడపిల్లకి ఈలలు నేర్పుతున్నావా అని కేకేసేది, ఇద్దరూ దిండ్లలో మొహాలు దాచుకునేవాళ్ళు.

ఇవేవీ కథలో లేవు. ఎందుకు లేవు అని ఇప్పుడు, వాన అద్దం మీద జారుతుంటే, మొట్టమొదటిసారి ఆలోచించింది పిచ్చిక. గుర్తురాక కాదు. పనికిరావనుకుంది. కాలేజీలో చేరాక లైబ్రరీ కార్డు వచ్చింది, మొదలూ చివరా ఉన్న పుస్తకాలు వచ్చాయి, ఆకలిగొన్నదానిలా చదివింది, బస్సులో, క్యాంటీన్లో, అన్నం ముందు కూర్చుని. మంచి పుస్తకాల్లో ఆడవాళ్ళు తక్కువ మాట్లాడేవాళ్ళు. ఎక్కువ బాధపడేవాళ్ళు, ఆ బాధ పైకి కనపడనిచ్చేవాళ్ళు కాదు, కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు. అలాంటి వాక్యం వచ్చినచోట పెన్సిల్‌తో గీత గీసేది. గీతలు ఎక్కువయ్యాక ఒక జబ్బులాంటిది పట్టుకుంది, గీత గీసిన వాక్యం ఎవరికి సరిపోతుందా అని చుట్టుపక్కల మనుషుల్ని చూడడం, కుట్టిన చొక్కా చేతిలో పట్టుకుని తొడగడానికి ఒళ్ళు వెతుక్కున్నట్టు. పిన్నికి సరిపోయింది. పిన్ని నిజంగానే ఒక సాయంత్రం కిటికీ దగ్గర నిలబడింది, పాలవాడి కోసం. పిన్ని అలమరాలో నిజంగానే ఒక సుద్ద అచ్చు ఉంది, ఎవరిదో కింది దవడ, మధ్యలో ఒక పన్ను లేదు, దాంట్లో పిన్ని తలపిన్నులు వేసుకుంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఒకరోజు బస్సులో ఉండగా, అది బాబాయిది అయి ఉంటుంది అనిపించింది. అనిపించగానే ఒళ్ళు జల్లుమంది, కథ మొత్తం అక్కడే అయిపోయింది, దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది. వదిలేసి పోయిన మొగుడి నోటి అచ్చు. ప్రతి సాయంత్రం ఆమె దాని మీద దుమ్ము తుడుస్తుంది, లేని పన్ను స్థలంలో వేలు పెట్టి చూసుకుంటుంది. ఆ చోట మేడం ఎర్ర సిరాతో, ఎంత నిగ్రహం, అని రాసింది. ఆ రెండు మాటలు చూసుకుని పిచ్చిక వారం రోజులు నేల మీద నడవలేదు. బాబాయి అంటే తను పుట్టకముందు ఎనిమిది నెలలు పిన్నికి మొగుడుగా ఉండి, ఒక పొద్దున ఉద్యోగం ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని వెళ్ళిపోయి మళ్ళీ రాని మనిషి. ఫొటో కూడా చూడలేదు. కథలో ఆయన్ని తాగుబోతుని చేసింది.

అచ్చయిన రోజు నాన్న నాలుగు పేపర్లు కొన్నాడు, చదివాక మూడు ఎక్కడ పెట్టాడో కనపడలేదు. అమ్మ ఏడ్చింది. నా చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషి, దాని బతుకు బజార్న పెట్టావు కదే, అంది, అంటూనే బట్టల షాపులో తనతో పనిచేసేవాళ్ళకి చూపించడానికి ఒక కాపీ బ్యాగులో పెట్టుకుంది, అది కూడా పిచ్చిక చూసింది. పిన్ని చదివి, మడిచి, అక్షరదోషాలు లేవే అంది. అంతే. కోప్పడితే బాగుండేది. ఆ రోజు నుంచి తిన్నావా అంటుంది, చదువుకో అంటుంది, దుప్పటి కప్పుకో అంటుంది, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు. ఒక్క పిన్నే కాదు. అమ్మ ఫోనులో పెద్దత్తతో మాట్లాడుతూ మాట్లాడుతూ పిచ్చిక గదిలోకి రాగానే, సరే ఉంటా, అని పెట్టేస్తుంది. నాన్న భోజనాల దగ్గర ఆఫీసరు సంగతి మొదలుపెట్టి, సగంలో పిచ్చిక మొహం చూసి, ఏదో జరిగిందిలే అని అన్నం కలుపుకుంటాడు. ఇంట్లో కుళాయి కట్టేసినట్టు మాట కట్టేశారు. అప్పుడు తెలిసింది పిచ్చికకి, లైబ్రరీ కార్డు మీద ఎన్ని పుస్తకాలు తెచ్చుకున్నా తను తాగి పెరిగిన నీళ్ళు అవి. కొత్త కథ రాద్దామని కూర్చుంటే ఒక్క మనిషీ నోరు విప్పడు, అందరూ కిటికీ దగ్గర నిలబడతారు.

ల్యాబులో ఇంకా ఘోరమట. అది అమ్మ చెప్పింది, చెప్పకూడదనుకుంటూనే. ఓనరు కథ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుని, పాపం ఆవిడకి కిటికీ అంటే ఇష్టమని, పిన్ని బల్ల తీసుకెళ్ళి కిటికీ పక్కన వేయించాడు. అక్కడ గాలికి స్పిరిట్ దీపం నిలవదు, మైనం సగం కరిగి సగం గడ్డకట్టి పళ్ళు వంకరగా కూర్చుంటున్నాయి, రెండు సెట్లు వెనక్కి వచ్చాయి. అయినా పిన్ని నోరు మెదపలేదు. ఏమని చెబుతుంది, నాకు కిటికీ ఇష్టం లేదని చెబితే, అయ్యో పిచ్చితల్లీ అని ఇంకొంచెం జాలిపడతారు.

"చల్లగాలికి నిలబడతా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అమ్మ.

"పద, నేనూ చూసొస్తా, ఎంతసేపు పడుతుందో" అన్నాడు నాన్న. ఇద్దరూ వాళ్ళ వైపు తలుపులు తెరుచుకుని దిగారు. అమ్మ దిగేముందు పిన్ని భుజం తట్టింది, పిచ్చిక వైపు ఒక చూపు చూసింది, జాగ్రత్త అన్నట్టు. తలుపులు పడ్డాయి. రెయిలింగు పక్కన అప్పటికే పది మంది డ్రైవర్లు గొడుగులు పంచుకుని నిలబడ్డారు, నాన్న వెళ్ళి వాళ్ళతో కలిసిపోయాడు, అక్కడ చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, వాళ్ళు నవ్వుతున్నారు. నాన్న కబుర్లు అలా చూసి ఎన్నాళ్ళయిందో.

పిచ్చిక అమ్మ సీటులోకి జరిగి దిగిపోవచ్చు. జరగలేదు. దిగితే పిన్నిని ఒక్కదాన్నీ వదిలి పారిపోయినట్టుంటుంది, దిగకపోతే ఏదో వినడానికి కూర్చున్నట్టుంటుంది. ముందు సీటు వెనక భాగంలో చిన్న చిరుగు, అందులోంచి పసుపు స్పాంజి. దాన్ని వేలితో లోపలికి నెట్టింది. అది మళ్ళీ బయటికి వచ్చింది. లారీ తలుపు మీద ఎవరో రంగుతో రాసిన అక్షరాలు ఆవిరి వెనకాల కరిగిపోయి ఉన్నాయి, ఏదైనా చదవకుండా ఉండలేని కళ్ళు వాటిని కూడబలుక్కోవడానికి ప్రయత్నిస్తుంటే, తన మీద తనకే చిరాకేసింది, ఇప్పుడు కూడానా, పక్కన మనిషి ఉండగా.

"కాగితం చదువుకుంటున్నావా" అంది పిన్ని. వెనక్కి తిరగలేదు.

"లేదు."

"అందులో నేనున్నానా."

అబద్ధం చెబుదామనుకుంది. "ఒక్క వాక్యం" అంది.

"ఏంటది."

చెప్పక తప్పలేదు. కాగితం చూడకుండానే వచ్చింది, కానీ చూసి చదివింది, పిన్ని మెడ చూడలేక. "మా పిన్ని మౌనమే నేను చదివిన మొదటి పుస్తకం."

పిన్ని భుజాలు కదిలాయి. తల కిందికి వంగింది. ఏడుస్తోంది. నా వల్లే, అనుకుంది పిచ్చిక, ముందుకి వంగి పిన్నీ అంది, పిన్నీ తీసేస్తాను, ఆ వాక్యం తీసేస్తాను. పిన్ని చెయ్యెత్తి ఆగమంది. అప్పుడు వినపడింది, ముక్కులోంచి తన్నుకొస్తున్న శబ్దం, ఆదివారం మధ్యాహ్నాల దిండులోది. పిన్ని నవ్వుతోంది.

"నా మౌనమా" అంది ఊపిరి తీసుకుని. "నేను నోరు మూసుకున్నదెప్పుడే. చిన్నప్పట్నుంచీ నీ చెవుల్లో పోసిందంతా ఏమైంది."

పిచ్చిక కాగితం మడిచేసింది.

"మీ బాబాయి ఫోన్ చేశాడు. ల్యాబుకి. పోయిన వారం."

"ఏ బాబాయి."

"ఎంతమంది ఉన్నారు నీకు. పేపర్లో చదివాడట. ఆ దుర్మార్గుడు నేనేనా అన్నాడు. అవునన్నా. మరీ తాగుబోతుని చేసిందేంటి, నాకు కాఫీ కూడా పడదు కదా అన్నాడు." పిన్ని ఇప్పుడు పక్కకి తిరిగింది, సీటు మీదుగా. మొహం ఎర్రగా ఉంది. "మంచివాడే. ఇప్పటికీ."

"వదిలేసి వెళ్ళినవాడు మంచివాడేంటి పిన్నీ."

"ఆయనెక్కడ వదిలాడు. నేనే వదిలేశా."

ఆ మాట చిన్నదే. కారు పైన వాన చప్పుడు అలాగే ఉంది, రెయిలింగు దగ్గర అమ్మ గొడుగు అలాగే ఉంది. కానీ పిచ్చిక తలలో పేజీలు ఒకటొకటే వెనక్కి తిరుగుతున్నాయి, సుద్ద అంటుకున్న పేజీలు, తర్వాతేమైంది పిన్నీ అంటే పిన్ని చెప్పిన ముగింపులు, అన్నిట్లోనూ ఎవరో ఒకరు చెప్పులు వేసుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు, వెళ్ళిపోయి హాయిగా ఉండేవాళ్ళు. పిన్ని బాబాయిని తలుచుకుని చెబుతోందనుకుంది అన్నాళ్ళూ. చెప్పులు పిన్నివని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పిన్ని చెప్పింది. గొంతు తగ్గించి, మధ్య మధ్యలో అద్దం తుడిచి అక్కయ్య ఎక్కడుందో చూసుకుంటూ. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తెలివైనవాడు, ప్రేమగా ఉండేవాడు. ఒక్కటే, తను మాట మొదలుపెడితే ఆయన పూర్తి చేసేవాడు. ఈ రోజు ల్యాబులో ఒక ముసలావిడ, అంటే, డబ్బు ఇవ్వలేదా, అనేవాడు. నాకు ఈ కూర, అంటే, నచ్చలేదు కదా, అనేవాడు. మొదట్లో ముచ్చటగా ఉండేది. నెలలు గడిచేకొద్దీ, పూర్తయిన వాక్యం నోట్లో ఎలా ఉంటుందో మర్చిపోయింది. ఒకరోజు గదిలో ఒక్కతే ఉండి, గోడ వైపు తిరిగి, ఈ రోజు ల్యాబులో ఒక ముసలావిడ తన పళ్ళ మధ్య సందు అలాగే ఉంచమంది, ఎందుకంటే ఆవిడ దాంట్లోంచి ఈల వేస్తుంది, అని మొత్తం పైకి చెప్పుకుంది. చెప్పుకున్నాక ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున ఆయనతో, నేనిక్కడ ఉండలేను, అంది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఆయన పూర్తి చేయలేదు.

"ఏడ్చాడు పాపం. ఏమని చెప్పాలి అందరికీ అన్నాడు. నువ్వే వదిలేశావని చెప్పు, మగాణ్ణి నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు, నేనని తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వరు అన్నా. సరేనన్నాడు. ఇన్నేళ్ళూ ఆ మాట పడుతున్నాడు. నువ్వొచ్చి తాగుడు కూడా అంటగట్టావు."

"మరి అమ్మకి..."

"అక్కకి తెలియదు." నవ్వు పోయింది పిన్ని మొహంలోంచి. "తెలియకూడదు. అక్క నాకోసం ఆయన ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో పోట్లాడి వచ్చింది. నన్ను తెచ్చి పెట్టుకుంది. మీ నాన్నతో ఎన్ని గొడవలు పడిందో నాకు తెలుసు. ఇప్పుడు నేనే వచ్చేశానని చెబితే అదంతా దేనికి చేసినట్టు. నా చెల్లెలు పాపం అనుకుంటేనే అక్కకి స్థిమితం. నేను పాపంగా ఉంటున్నా. పెద్ద కష్టమేం కాదు, అలవాటే. ఈ కథ వచ్చాక కాస్త ఎక్కువైంది. ఊరందరికీ పాపంగా ఉండాల్సి వస్తోంది. ఆ కిటికీ ఒకటి."

"ఒకే గదిలో ఉంటాం కదా పిన్నీ, నాకెందుకు తెలియలేదు" అంది పిచ్చిక. అది ప్రశ్న కాదు, అయినా పిన్ని సమాధానం చెప్పింది.

"అడగొచ్చుగా. పక్క మంచమేగా."

అని, అద్దం మీద ఆవిరి తుడుస్తూ, "ఆయన తర్వాత నువ్వే" అంది.

పిచ్చికకి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేదనిపించింది. నేను మొదలుపెడితే పూర్తి చేసింది ఆయన తర్వాత నువ్వే. పిన్ని కోపంగా అనలేదు, పళ్ళ రంగు కాగితం మీద రాసుకున్నట్టు మామూలుగా అంది, అందుకే అది లోపలికి దిగింది. పెన్సిల్ గీతలు, ఎర్ర సిరా, నిగ్రహం, బస్సు స్టాపు దాటిపోయిన ఆ సంతోషం, అదంతా ఒకరి నోట్లోంచి మాట లాక్కున్న సంతోషమేనా. తను చదివిన పుస్తకాల్లో కిటికీ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళలో ఎంతమంది పాలవాడి కోసం నిలబడ్డారో. వాళ్ళని ఎవరైనా అడిగారో లేదో.

"మరి ఆ అచ్చు" అంది చివరికి. "అలమరాలోది. బాబాయిది కాదా."

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అది మీ నాన్నదే."

"ఏంటి."

"పన్ను ఊడినప్పుడు మా ల్యాబులోనే చేయించా. సెట్టు వచ్చాక అచ్చు పారేయబోతే, గుంట బాగుంది కదా అని పిన్నులేసుకున్నా. నువ్వేమో ప్రతి సాయంత్రం దాన్ని తుడిచి, సందులో వేలు పెట్టి..." ఇక చెప్పలేకపోయింది. "పేపర్లో చదివిన రోజు నుంచీ బావగారి మొహం చూడలేకపోతున్నానే. ఆయనకి తెలుసో తెలియదో అని ఒకటే బెంగ. మొన్నొక రోజు ఆయన నవ్వితే నేను లేచి వెళ్ళిపోయా."

పిచ్చికకి నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. భయం పక్కనుంచే వచ్చింది. రెయిలింగు దగ్గర నాన్న తల వెనక్కి వాల్చి, పెట్టుడు పన్ను కనపడేలా నవ్వుతున్నాడు, ఆవిరి అద్దంలోంచి అది కనిపించి ఇద్దరూ ఒకేసారి వంగిపోయారు. పిన్ని ఫోను సంగతి మిగతాది చెప్పబోయింది, ఆయన చివర్లో, అమ్మాయి బాగానే రాసింది అన్నాడట, తను, రాసింది కానీ, అనగానే, అందులో ఉన్నది నువ్వు కాదంటావు అంతేగా, అని ఆయనే పూర్తి చేసేశాడట, ఇన్నేళ్ళయినా ఆ గుణం పోలేదట. పిన్ని కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదకి కారిపోయాయి, తుడుచుకుంటున్నకొద్దీ వచ్చాయి. పిచ్చిక వెనకనుంచి చెయ్యి చాపి పిన్ని చెవి కింద మైనం చుక్క గోటితో గీకేసింది.

"అక్కడ ఏం మాట్లాడను పిన్నీ" అంది. "ఏదీ నిజం కాదు ఇందులో."

"పుస్తకాల గురించి చెప్పు. మనుషుల జోలికి పోకు." పిన్ని ముక్కు చీదుకుంది. "ఆ మౌనం వాక్యం మాత్రం ఉంచు. తీసేస్తే అక్క అడుగుతుంది, నిన్న నీ చేత మొత్తం చదివించుకుందటగా, ఎంత బాగుందో అని నాతో కూడా అంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. వానతో పాటు అమ్మ లోపలికి వచ్చింది, గొడుగు విదిలిస్తూ, క్రేను వచ్చిందట, ఒక వైపు వదులుతున్నారట, అంటూ కూర్చుని, పిన్ని మొహం చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, తడి బుగ్గలు, చేతిలో నలిగిన రుమాలు. అమ్మ మొహం మారిపోయింది.

"మళ్ళీ ఏడిపించావా దాన్ని. ఈ రోజు కూడా వదలవా."

పిచ్చిక నోరు తెరిచింది. ఏడుపు కాదమ్మా నవ్వు, అంటే, దేనికి నవ్వు, అంటుంది. పిన్ని ముందుకి తిరిగిపోయింది. నాన్న సీటు పైనున్న చిన్న అద్దంలో ఆమె కళ్ళు ఒక్క క్షణం పిచ్చికని చూశాయి, తర్వాత రెప్పలు వాలాయి, మెడ వంగింది, చేతులు ఒళ్ళోకి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"దాన్నేం అనకక్కా" అంది పిన్ని. అక్కా అనేముందు గొంతులో చిన్న అడ్డు, మింగేసిన శబ్దం. "పిల్లకేం తెలుసు."

పిచ్చికకి ఒళ్ళు జలదరించింది. ఆ మెడ వంపు, ఆ మింగడం, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ కాలేదు. ఏళ్ళ తరబడి ప్రతిరోజూ, ఒక్కరికోసం చెబుతున్న కథ, ఎక్కడా తడబడకుండా. తను రాసిన మనిషి దీని ముందు ఎంత. చూడకూడదనుకుంది, చూస్తూనే ఉంది, వంగిన మెడ మీద మైనం గీకిన చోట ఎర్రటి గీత.

"నేనున్నాను కదే" అంది అమ్మ, ముందుకి వంగి పిన్ని భుజం మీద చెయ్యి వేసి. అమ్మ కళ్ళలో కూడా నీళ్ళు. అవి నిజమైనవి. ఆ మొహంలో దుఃఖం ఉంది, దాని కింద ఏదో నిండుగా కూడా ఉంది, చల్లని రాత్రి పిల్లలందరికీ దుప్పటి సరిపోయినప్పుడు తల్లికి ఉండేలాంటిది. "క్షమాపణ అడుగు పిన్నిని" అంది పిచ్చికతో, తిరక్కుండానే.

నాన్న వచ్చి కూర్చున్నాడు. ఏమైంది అని ఎవరినీ అడగలేదు, తాళం తిప్పాడు. అమ్మ ఎదురుచూస్తోంది. పిన్ని వంచిన తల ఎత్తలేదు.

"తప్పయింది పిన్నీ" అంది పిచ్చిక. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది.

"సర్లే" అంది పిన్ని.

ముందు కారు ఎర్ర దీపాలు ఆరిపోయాయి. లారీ మెల్లగా వెనక్కి జరగడం మొదలైంది, దాని తలుపు మీద అక్షరాలు ఒక్కొక్కటే అద్దం దాటి వెళ్ళిపోయాయి, పిచ్చిక వాటిని చదవలేదు. అమ్మ చేతినే చూస్తోంది. కాలేజీ గేటు వచ్చేదాకా అమ్మ ఆ చెయ్యి పిన్ని భుజం మీదనుంచి తీయలేదు.